పాలు తగ్గిస్తే ఇంటి అప్పు తీరుతుందా?

ఒడిశాలోని మన బరంపురం నుంచి ఒక చెల్లెలు రాసిన ఉత్తరం ఇది. పేరు వద్దంది, ఉత్తరం పొడుగ్గా ఉంది కాబట్టి కొంత కుదించాను.

"అక్కా, నమస్కారం. ఐదేళ్ల కింద ఇరవై ఒకటిన్నర లక్షలు హోమ్ లోన్ తీసుకుని ఇల్లు కట్టుకున్నాం. ఇద్దరి పేరు మీదా లోను. ఇంకా 18 లక్షలు ఉంది, పదిహేనేళ్లు కట్టాలి. వడ్డీ ఎనిమిదిన్నర. మా ఆయన జీతం 44 వేలు, నేను జాకెట్లు, ఫాల్స్ కుట్టి ఏడు వేలు తెస్తాను. ఇద్దరు పిల్లలు, 73 ఏళ్ల అత్తయ్యగారు. ఐదేళ్లలో అప్పు మొత్తం తీర్చేయాలని ఏడాదిగా ఆయనకి పట్టుదల వచ్చింది. లీటరు పాలు అర లీటరు చేశారు, నెలకి ఎనిమిది వందలు మిగులుతుందట. వైఫై తీయించేశారు. చలికాలంలో ఫ్రిజ్ ఆపేశారు. ఈసారి మన ఊరి అమ్మవారి జాతరకి, ఠాకురాణి యాత్రకి, ఆడపడుచుల్ని పిలవొద్దన్నారు, అత్తయ్య రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఇలా నెలకి ఆరు వేలు మిగులుతోంది. మొన్న దసరాకి నా హారం తెలిసిన సేటు దగ్గర నూటికి రూపాయిన్నరకి పెట్టి లక్ష తెచ్చి లోనుకి కట్టారు. దాంతో ఈఎంఐ 18,710 నుంచి 17,725కి తగ్గిందని సంబరపడ్డారు. ఆయన బండి కిస్తీ 3,900 ఇంకా 14 నెలలు, ఫోను కిస్తీ 2,300 ఇంకా నాలుగు నెలలు ఉన్నాయి. పొదుపు మంచిదే, కాదనను. కానీ ఇంట్లో నవ్వు పోయింది అక్కా. నేనే ఓర్చుకోలేకపోతున్నానా?"

నువ్వు ఓర్చుకోలేకపోవడం కాదమ్మా, లెక్కే తప్పు. మీ ఆయన మంచివాడే. అప్పంటే భయపడే మగవాడు ఇంటికి అదృష్టమే, ఆ భయం లేనివాళ్ల ఇళ్లు ఎలా ఉంటాయో మన వీధుల్లోనే చూస్తున్నాం కదా. కానీ భయంలో వేసిన లెక్క అది. అందుకే ముందు లెక్కే మాట్లాడుకుందాం, నవ్వు సంగతి తర్వాత. నువ్వు కుట్టుమిషను ముందు కూర్చుని చదువుతున్నా సరే, ఒక కాగితం దగ్గర పెట్టుకో.

హారం దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే ఉత్తరంలో అది చదివినప్పుడే నాకు కోపం వచ్చింది. నూటికి రూపాయిన్నర అంటే నెలకి. లక్షకి నెలకి 1,500, ఏడాదికి 18 శాతం. ఆ లక్ష తీసుకెళ్లి ఏ అప్పులో వేశారు? ఎనిమిదిన్నర శాతం అప్పులో. అక్కడ లక్షకి నెలకి మిగిలిన వడ్డీ 708 రూపాయలు. సేటుకి 1,500 ఇచ్చి బ్యాంకు దగ్గర 708 మిగుల్చుకుంటున్నారు, అంటే నెల నెలా 792 రూపాయలు నష్టం. నీ ఉత్తరంలోనే ఉంది, పాలు సగం చేస్తే నెలకి ఎనిమిది వందలు మిగులుతోందని. అంటే పిల్లలూ అత్తగారూ మానేసిన ఆ అర లీటరు పాలు ఇంటి అప్పుకి ఒక్క చుక్క కూడా వెళ్లలేదు, మొత్తం సేటుకే వెళ్తున్నాయి. ఈ ఒక్క మాట మీ ఆయనకి చదివి వినిపించు, అరవకుండా, కాగితం మీద అంకెలు చూపించి.

పైగా ఆ లక్ష కట్టినప్పుడు బ్యాంకువాళ్లు ఈఎంఐ తగ్గించారు, గడువు అలాగే ఉంచారు. త్వరగా తీర్చాలనుకునేవాళ్లకి కావలసింది దానికి సరిగ్గా ఉల్టా. పార్ట్ పేమెంటు కట్టిన ప్రతిసారీ "ఈఎంఐ అలాగే ఉంచండి, గడువు తగ్గించండి" అని కాగితం మీద రాసి ఇవ్వాలి, దాని నకలు మీద ముద్ర వేయించుకోవాలి, కొత్త ఈఎంఐల పట్టిక ప్రింటు తీయించుకోవాలి. కౌంటరు దగ్గర నోటితో చెప్పి వచ్చేస్తే వాళ్లకి తోచింది చేస్తారు. పాత 18,710 అలాగే కట్టి ఉంటే పదిహేనేళ్ల గడువు పదమూడున్నరకి వచ్చేది. ఏడాదిన్నర! తగ్గిన ఆ వెయ్యి రూపాయలు ఇప్పుడు ఏ ఖర్చులో కలిసిపోతున్నాయో మీ ఇద్దరికీ తెలియదు, పందెం కడతాను.

ఇక ఐదేళ్ల పట్టుదల. 18 లక్షలు ఎనిమిదిన్నర శాతానికి అరవై నెలల్లో తీరాలంటే నెలకి దాదాపు 36,930 కట్టాలి. మీ ఇద్దరి సంపాదనా కలిపితే 51 వేలు. మిగిలే పద్నాలుగు వేలలో ఐదుగురు తినాలి, ఇద్దరు చదవాలి, బండి కిస్తీ కట్టాలి, అత్తగారి మందులు కొనాలి. పాలు సగం కాదు, మొత్తం మానేసినా కుదరదు. ఆయనకి లోపల ఎక్కడో ఇది తెలుసు, అందుకే చికాకు. కుదరని పని పెట్టుకున్నవాడు ఫ్రిజ్ మీదా వైఫై మీదా పడతాడు.

అదే నెలకి ఐదు వేలు మాత్రం ఎక్కువ కట్టారనుకో, అంటే 22,725. అప్పుడు 117 నెలల్లో, తొమ్మిదేళ్ల తొమ్మిది నెలలకి తీరిపోతుంది. పదిహేనేళ్లూ కడితే అయ్యే వడ్డీ 13 లక్షల 90 వేలు, ఇలా కడితే ఎనిమిదిన్నర లక్షలు. మిగిలింది ఐదు లక్షల నలభై వేలు. ఐదేళ్లలోనే తీర్చాలంటే దీని మీద ఇంకో పద్నాలుగు వేలు ప్రతి నెలా కట్టాలి, దానికి ఇంకా మిగిలేది నాలుగు లక్షల ముప్పై వేల చిల్లర. చూశావా, మొదటి ఐదు వేలే ఎక్కువ పని చేస్తున్నాయి. ఆ పైన కట్టే ప్రతి వెయ్యీ ఇంట్లో ఎక్కువ నొప్పి పెట్టి తక్కువ మిగులుస్తుంది. మీకు ఐదేళ్లు వద్దు, పది లోపు చాలు. పదేళ్ల తర్వాత మీ ఆయనకి ఎన్నేళ్లు వస్తాయో లెక్కేసుకో, రిటైరు కావడానికి ఇంకా బోలెడు కాలం ఉంటుంది.

ఐదు వేలు మాత్రం ఎక్కణ్ణుంచి తేవాలి అంటావేమో. మీ ఇంట్లోనే ఉన్నాయి. ఫోను కిస్తీ, బండి కిస్తీ కలిపితే 6,200. అవి తీరిపోయిన మర్నాడు ఆ డబ్బు కొత్త ఫోనుకి వెళ్లకపోతే చాలు. (మగవాళ్ల ఫోన్లు కిస్తీ తీరగానే ఎందుకో హ్యాంగ్ అవడం మొదలుపెడతాయి, గమనించావా?) అంటే పాలు తగ్గించి, పండగ మానేసి కూడబెట్టే ఆరు వేలకి సమానమైన డబ్బు పద్నాలుగు నెలల్లో దానంతట అదే చేతికి వస్తోంది.

ఈ ఏడాదిలో చేయాల్సిన పని వేరే ఉంది. ఇప్పుడు మిగులుతున్న ఆరు వేలలో పదిహేను వందలు తీసి పాలు, వైఫై మళ్లీ పెట్టించు. పిల్లల చదువు సగం ఫోన్లోనే నడుస్తున్న రోజుల్లో వైఫై తీసేసి మొబైల్ డేటా రీచార్జి చేయించడం పొదుపెలా అవుతుందో నాకు అర్థం కాలేదు. మిగతా 4,500 హారానికి. ముందు ఆ హారాన్ని సేటు దగ్గర్నుంచి బ్యాంకుకి మార్చండి, బంగారం లోను బ్యాంకులో నూటికి రూపాయిన్నర కంటే చాలా తక్కువకి దొరుకుతుంది. నాలుగు నెలలకి ఫోను కిస్తీ అయిపోతుంది, ఆ 2,300 కూడా దీనికే కలపండి. బండి కిస్తీ తీరే సమయానికి కాస్త అటూ ఇటూగా హారం ఇంటికి వచ్చేస్తుంది. అప్పుడు చూడు: 4,500, ఫోనువి 2,300, బండివి 3,900, సేటుకి కట్టే వడ్డీ 1,500. పన్నెండు వేల పైచిలుకు ఖాళీగా ఉంటుంది. ఐదు వేలు ఇంటి లోనుకి, మిగతాది ఎక్కడికో ఇప్పుడు చెప్తాను. ఇది చెప్పాలంటే నా సంగతి కొంచెం చెప్పుకోవాలి.

మేమూ ఇలాగే చేశాం. బరంపురంలోనే, పెద్ద బజారుకి కొంచెం అవతల, 2007లో ఇల్లు కట్టి పదిహేనేళ్ల లోను పెట్టుకున్నాం. నాకూ అచ్చం మీ ఆయన పట్టుదలే, మా ఇంట్లో ఆ పాత్ర నాది. చేతికి ఏ వంద వచ్చినా తీసుకెళ్లి బ్యాంకులో కట్టేదాన్ని, పాసుబుక్కులో రెండు వేలకి మించి ఉండనిచ్చేదాన్ని కాదు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను వచ్చింది. గోపాలపూర్ దగ్గర తీరం దాటిందని అందరూ చెప్తారు, మాకు మాత్రం అది మా మేడ మీదే దాటినట్టుంది. పైన వేసిన రేకుల గది రేకులన్నీ ఎగిరిపోయాయి, ట్యాంకు పక్కింటి పెరట్లో తేలింది, రోజుల తరబడి కరెంటు లేదు, మా ఆయనకి అదే వారంలో జ్వరం. చేతిలో డబ్బు లేదు. బ్యాంకులో కట్టిన డబ్బు వెనక్కి ఇమ్మంటే ఇస్తారా? చివరికి తెలిసినాయన దగ్గర నూటికి రెండు రూపాయలకి అరవై వేలు తెచ్చాం. తక్కువ వడ్డీ అప్పుని ఆదరాబాదరాగా తీర్చుకుంటూ పోయి, ఏడాదికి 24 శాతం అప్పు నెత్తిన పెట్టుకున్నాం. అది తీరడానికి రెండేళ్లు పట్టింది.

అందుకే చెప్తున్నాను, మన గంజాం జిల్లాలో ఉండేవాళ్లు లోను తీర్చే ముందు తుపాను డబ్బు పక్కన పెట్టుకోవాలి. మీకైతే కనీసం లక్ష, లక్షన్నర. నెలకి ఏడు వేలు ఒక రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే ఏడాదిన్నరలో అయిపోతుంది, తర్వాత ఆ ఏడు వేలలో సగం కూడా లోనుకి మళ్లించొచ్చు, గడువు ఇంకా తగ్గుతుంది. అలాగే ఇంటి లోను ఇచ్చేటప్పుడు బ్యాంకు ఇంటికి బీమా చేయించి ఉంటుంది, ఆ పాలసీ కాగితం ఎక్కడుందో వెతుకు. 2021 ఏప్రిల్ నుంచి ఇళ్లకి భారత్ గృహ రక్ష అనే పాలసీ బీమా కంపెనీలన్నీ ఇస్తున్నాయి, తుపాను, వరద దాంట్లో కలిసే ఉంటాయి. మీ పాలసీ ఇంకా నడుస్తోందా, మధ్యలో ఆగిందా చూసుకోండి.

బీమా అన్నాను కాబట్టి ఇంకో రెండు మాటలు, నచ్చకపోయినా విను. లోను ఇద్దరి పేరు మీదా ఉంది. ఆయనకేమైనా అయితే 17,725 ప్రతి నెలా నిన్ను అడుగుతారు, నీ కుట్టుమిషను ఏడు వేలు తెస్తుంది. ఆయన పేరు మీద లోను మొత్తానికి సరిపడా టర్మ్ పాలసీ, అంటే మనిషి పోతే ఇంటివాళ్లకి డబ్బిచ్చే బీమా, ఉందా? లేకపోతే లోనుకి ఒక్క రూపాయి ఎక్కువ కట్టే ముందు అది తీసుకోండి. ఇది అశుభం మాట్లాడటం కాదు. ఇక అత్తగారికి 70 దాటాయి కాబట్టి ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి ఐదు లక్షల వరకూ ఆసుపత్రి ఖర్చుకి ఆయుష్మాన్ వయ వందన కార్డు వస్తుంది. ఒడిశా 2025లో ఆయుష్మాన్ పథకంలో చేరింది కదా, ఆధార్ తీసుకెళ్లి చేయించండి. పెద్దావిడ ఒక్కసారి ఆసుపత్రిలో చేరితే మీ రెండేళ్ల పొదుపు పోతుంది, ఆ కార్డుకి అయ్యే ఖర్చు సున్నా.

ఇప్పుడు అసలు డబ్బు దాక్కున్న చోటు చెప్తాను. వడ్డీ రేటు. 2025లో రిజర్వు బ్యాంకు రెపో రేటుని, అంటే తను బ్యాంకులకి అప్పిచ్చే వడ్డీ రేటుని, నాలుగు విడతల్లో 6.50 నుంచి 5.25కి తెచ్చింది. మీ లోను 2019 అక్టోబరు తర్వాత బ్యాంకులో తీసుకున్నది, ఫ్లోటింగ్ రేటు (మధ్యలో పెరిగే, తగ్గే వడ్డీ) అయితే ఏదో ఒక బయటి రేటుకి, ఎక్కువగా రెపోకే, ముడిపెట్టి ఉంటుంది. ఇన్నిసార్లు తగ్గినా మీకు ఇంకా ఎనిమిదిన్నరే ఎందుకుంది? అది పాత అంకె అయ్యుండొచ్చు, మీ ఆయన చూసుకుని ఉండకపోవచ్చు. లేదా హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ లోను అయ్యుండొచ్చు, వాళ్ల లెక్క వేరు. లేదా రెపో మీద బ్యాంకు మీకు అదనంగా కలిపిన శాతం ఎక్కువ. ఏదైనా సరే, ఇద్దరూ కలిసి ఒక పూట బ్రాంచికి వెళ్లి, "ఈ రోజు కొత్తగా వచ్చేవాళ్లకి ఎంతకి ఇస్తున్నారు, మాకు ఎంత, ఆ తేడా ఎందుకు" అని అడగండి. కొంత ఫీజు తీసుకుని తగ్గించే పద్ధతి చాలా చోట్ల ఉంది. ఒప్పుకోకపోతే ఇంకో బ్యాంకుకి మార్చుకోవచ్చు, ఫ్లోటింగ్ రేటు ఇంటి లోను ముందుగా తీర్చినందుకు మామూలు మనుషుల దగ్గర జరిమానా తీసుకోకూడదని రిజర్వు బ్యాంకు ఎప్పుడో చెప్పింది. కొత్త చోట ప్రాసెసింగ్ ఫీజు, లాయరు ఖర్చు ఎంతవుతుందో మాత్రం ముందే లెక్క చూసుకోవాలి. ఎనిమిదిన్నర ఏడున్నర అయిందనుకో, అదే 17,725 కడుతూ పోతే గడువు 180 నెలల నుంచి 162కి వస్తుంది. మూడు లక్షల పైన మిగులు. దీనికి ఎవరి పాలూ తగ్గించక్కర్లేదు, ఒక పూట సెలవు పెడితే చాలు.

ఒకటి అడుగుతాను, ఐదేళ్లలో ఒక్కసారైనా లోను స్టేట్‌మెంటు నువ్వు చూశావా? ఇందాక నేను చెప్పిన అంకెలు నీకు కొత్తగా అనిపించి ఉంటే చూడలేదన్నమాట. సంతకం నీదీ ఉంది, నీ హారం కూడా అందులోనే ఉంది. ఇప్పటిదాకా పదకొండు లక్షల పైన ఈఎంఐలు కట్టారు, వాటివల్ల అసలు తగ్గింది రెండున్నర లక్షలే, మిగతాదంతా వడ్డీ. ఇప్పుడు కట్టే 17,725లో కూడా 12,750 వడ్డీకే పోతుంది. ఇది మోసం కాదు, ఎక్కువ కాలం లోను అంటేనే అంత. కానీ ఆయన ఒక్కడే అర్ధరాత్రి ఫోన్లో ఇవి చూసుకుంటూ ఉంటే, నువ్వు పొయ్యి దగ్గర కారణం తెలియని ఆంక్షలు మోస్తూ ఉంటే, ఇద్దరికీ టెన్షనే. మా ఇంట్లో కూడా అంతే, నేను లెక్క చెప్పేదాన్ని కాదు, ఆర్డర్లు వేసేదాన్ని. మా అమ్మాయికి ఇప్పుడు మంచి ఉద్యోగం ఉంది, అయినా హోటలుకి వెళ్తే మెనూ కార్డు ధరల వైపు నుంచే చదువుతుంది. అది చూసినప్పుడల్లా నాకు ఇడ్లీ గొంతు దిగదు.

ఖర్చు అసలు తగ్గించొద్దా అంటే, తగ్గించాలి. పెద్దవాళ్లవి ముందు, పిల్లలవి చివర. వేసవిలో పఖాళ, అదే నీళ్లలో నానబెట్టిన చద్దన్నం, తింటే గ్యాసూ మిగులుతుంది, వంటికీ చలువ, మనం ఇక్కడి వాళ్లమే కదా, అందులో నామోషీ ఏముంది? దాల్మా ఒక్కటి వండితే పప్పూ కూరా ఒకే గిన్నెలో అయిపోతాయి. బట్టలు ఇచ్ఛాపురంలో చవక అని పరిగెత్తుతారు మనవాళ్లు, పెట్రోలు, టిఫిన్లు కలిపి చూస్తే ఏమీ మిగలదు, వెళ్లాం కదా అని ఇంకో రెండు ఎక్కువ కొంటారు. ఫ్రిజ్ ఆపేస్తే మిగిలేది చాలా తక్కువ, పారబోసే కూర దానికంటే ఎక్కువ. నీ కుట్టు ఛార్జీలు ఎప్పుడు పెంచావు? అది కూడా చూడు, చుట్టాలకి ఊరికే కుట్టి పెట్టడం ఆపు. ఇంట్లో అందరూ నీ అరచేతిలోంచి మిగుల్చుకుంటున్నారు కానీ నీ పని విలువ ఎవరూ కట్టడం లేదనిపించింది నాకు.

ఠాకురాణి యాత్ర రెండేళ్లకి ఒకసారి వస్తుంది. నెలకి ఐదు వందలు ఒక డబ్బాలో వేస్తే 24 నెలలకి పన్నెండు వేలు. ఆడపడుచులు ఇద్దరినీ పిలిచి, చీరలు పెట్టి, పిల్లలకి మొక్కు వేషం కట్టించడానికి సరిపోతుంది. అప్పు పదేళ్లుంటుంది, ఈ పదేళ్లలో ఐదు యాత్రలు వస్తాయి. మీ అత్తగారు 73లో ఉన్నారు. ఇంతకంటే ఏమీ అనను.

మీ మరిది ఎవరో "లోను త్వరగా తీర్చకండి, ట్యాక్స్ లాభం పోతుంది" అన్నారని చివర్లో రాశావు. 2025-26 నుంచి కొత్త పద్ధతిలో 12 లక్షల ఆదాయం దాకా పన్నే లేదు, మీ ఆయనకి కట్టాల్సిన ట్యాక్సే లేనప్పుడు పోయేదేముంది? మరిది మాట వదిలెయ్యి.

లోను తీరిన రోజున ఒరిజినల్ కాగితాలు 30 రోజుల్లో ఇవ్వాలి, వాళ్ల వల్ల ఆలస్యమైతే రోజుకి ఐదు వేలు మీకే కట్టాలని 2023లో రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది. అది ఎక్కడైనా రాసి పెట్టుకో, పదేళ్లకి పనికొస్తుంది.

ఇవన్నీ మీ ఆయనకి వంటింట్లో నిలబడి చెప్పకు, అత్తగారి ముందు అసలే చెప్పకు. ఆదివారం గోపాలపూర్ బస్సెక్కండి, పట్టుమని గంట కూడా పట్టదు. డబ్బాలో పులిహోర పెట్టుకో, పిల్లల్ని ఇసుకలోకి వదిలెయ్యి, అప్పుడు ఆ కాగితం తియ్యి. ముందు ఆయన ఎంత కష్టపడుతున్నాడో చెప్పు, తర్వాత 1,500, 708 చూపించు. ఆయన కాసేపు మాట్లాడడు. పక్కన కూర్చో చాలు.

పాలవాడికి మాత్రం ఆదివారం దాకా ఆగక్కర్లేదు, రేపు పొద్దున్నే లీటరు వెయ్యమను.